గీత పడిన మాత్ర

గడియారాల కొట్టు,
మార్చి 3

ఏమోయ్ బావమరిదీ,

ఉత్తరం టైపులో ఉందేమిటని కంగారు పడకు. ఎదురు కొట్టులో అర్జీలు టైపు చేసే ఆవిడ ఉంది. నేను చెబుతుంటే ఆవిడ కొడుతోంది. “ఈ ముక్క కూడా కొట్టాలా?” అని ఇప్పుడే అడిగింది. అన్నీ కొట్టమన్నాను. ఫోను చేద్దామంటే నా చెవుల సంగతి నీకు తెలిసిందే. నువ్వు కుశలం అడిగితే నేను టైమెంతో చెబుతాను.

ఏడాదిగా కుడి చెయ్యి వణుకుతోంది. మొదట్లో టీ కప్పు దగ్గర మాత్రమే వణికేది, సరేలే అనుకున్నాను. ఇప్పుడు పని దగ్గరా మొదలైంది. చేతి గడియారంలో స్క్రూ అంటే ఆవగింజలో సగం ఉండదు. దాన్ని పట్టకారుతో ఎత్తి చిల్లు దాకా తీసుకెళ్ళేసరికి ఎగిరి ఎక్కడో పడుతుంది. నేను నేల మీద బోర్లా పడుకుని వెతుక్కుంటాను. ఎవరైనా చూస్తే ముసలాడు ఈత నేర్చుకుంటున్నాడనుకుంటారు.

ఇక్కడి పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ ఒక మాత్ర ఇచ్చింది. దానితో సగం నయం. ఇప్పుడు కొత్త మాత్ర మీద పరిశోధన జరుగుతోంది, చేరతారా అని అడుగుతోంది. చేరితే పాతది మానెయ్యాలట. చేరినవాళ్ళలో సగం మందికి మందున్న మాత్ర, సగం మందికి మందులేని ఉత్త మాత్ర ఇస్తారట. ఎవరికేది వచ్చిందో డాక్టరమ్మకు కూడా తెలియదట. కాగితం అడుగున మాత్రలు ఎక్కడ తయారయ్యాయో రాసి ఉంది. మీ ఫార్మసీ కాలేజీ! “మా బావమరిది అక్కడే ఉంటాడండీ” అన్నాను. ఆసుపత్రి అంతా వినపడేలా అరిచారని నర్సు చెప్పింది.

చేరమంటావా? మీ అక్క పోయాక నిన్ను సలహా అడగడం ఇదే మొదలు. జవాబు రాయి.

మీ బావ


ఫార్మసీ కళాశాల, రెండో అంతస్తు,
మార్చి 12

బావా,

ఏడాది నుంచి చెయ్యి వణుకుతుంటే నాకు ఇప్పుడా చెప్పడం? అని కోప్పడదామనుకున్నాను. నేను అడిగితే కదా నువ్వు చెప్పడానికి. అక్క పోయి పదకొండేళ్ళు, నేను రాసినవి మూడు ఉత్తరాలు. ఆ సంగతి నాకూ తెలుసు, దెప్పకు.

ఆ మాత్రలు చేసింది నేనే బావా. కాలేజీ చేసిందని చెప్పుకోవడం కాదు, ఈ చేతులతోనే చేశాను. ఇక్కడ పదిహేనేళ్ళు సీసాలు కడిగి, ఆ తర్వాత చదివి, నలభయ్యో ఏట పరిశోధక విద్యార్థినయ్యానని నువ్వు నవ్వేవాడివే, ఆ చదువుకు ఫలితం అదే. పొడి కలపడం దగ్గర్నుంచి పూత పూసేదాకా నేనే దగ్గరుండి చూసుకున్నాను.

మా బిల్డింగు నీకు చూపించాలని ఎప్పట్నుంచో ఉంది. మందు పై అంతస్తులో పుట్టి మెట్లు దిగి వస్తుంది. పైన రసాయనాలవాళ్ళు కొత్త పదార్థాలు అల్లుతుంటారు. నూటికి తొంభై తొమ్మిది పారబోస్తారు, అయినా వాళ్ళ దర్జా తగ్గదు. వాళ్ళ కింద ఆకులూ వేళ్ళూ దంచి సారం తీసేవాళ్ళు. ఆ అంతస్తుకు వెళ్ళొస్తే రెండు రోజులు నా చొక్కా కషాయం వాసన వేస్తుంది. మూడో అంతస్తులో ఎలుకలుంటాయి. వాటిని చూసుకునే ఆయన ఒక్కోదానికీ పేరు పెట్టి పిలుస్తాడు. ప్రయోగం ముగిసిన రోజు మాత్రం ఆయన భోజనానికి రాడు. మాది పొడిని మాత్రగా మార్చే పని. మా కింద ఉన్నవాళ్ళు మనుషుల మీదే పరిశోధన చేస్తారు. ముసలివాళ్ళకు సీసా మూత తియ్యడం వస్తోందా, డాక్టరు రోజుకు మూడన్న మాత్రలు ఇంట్లో నిజంగా ఎన్ని వేసుకుంటున్నారు, అని ఇల్లిల్లూ తిరిగి అడుగుతారు. చాలామంది పూలకుండీలో పారేస్తున్నారట.

చేరమని చెప్పను, వద్దనీ చెప్పను. చెప్పకూడదు. నువ్వు నాకేమవుతావో మా మేడంకి చెప్పాను. ఈ పరిశోధనకు పెద్ద ఆవిడే. “మాత్రల గురించి మీరిద్దరూ మాట్లాడుకోకుండా ఉంటే చాలు” అన్నారు. కాబట్టి నీ సీసా నంబరు నాకు చెప్పకు. రంగూ రుచీ కూడా చెప్పకు.

నీ బావమరిది


గడియారాల కొట్టు,
ఏప్రిల్ 20

మాత్రల మేస్త్రీ గారికి,

చేరాను. రెండు వారాలైంది. నువ్వు దగ్గరుండి చేసిన సరుకు కాదంటానా!

నీ ఉత్తరం టైపు ఆవిడకు చదివి వినిపించాను. ఎలుకలకు పేర్లు పెట్టే ఆయన దగ్గర నాకు నవ్వొచ్చింది, ఆవిడ ముక్కు చీదుకుంది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే “ఎలుకలాయన ఎలా ఉన్నారండీ?” అని అడుగుతోంది. బాగున్నాడని చెబుతున్నాను. నువ్వు కనుక్కుని రాయి, అబద్ధమైతే పాపం ఆవిడను మోసం చేసినవాణ్ణవుతాను.

పాత మాత్ర మానేసిన మొదటి వారం చెయ్యి బాగా మొండికేసింది. రోజూ ఒక డైరీ నింపాలి. వణుకు నిన్నటికంటే ఎక్కువా, తక్కువా, అంతేనా అని మూడు గడులుంటాయి, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. నెలకోసారి డాక్టరమ్మ పెన్ను ఇచ్చి కాగితం మీద నత్త గుల్లలాగా చుట్టలు గియ్యమంటుంది.

కొట్లో పని తగ్గింది. ఇంటికి వెళ్ళినా మాట్లాడేవాళ్ళెవరున్నారని చీకటి పడేదాకా ఇక్కడే కూర్చుంటున్నాను. గోడ గడియారాలకు కీ ఇవ్వడం చేతకాక మానేశాను. ఇరవై ఒక్కటీ ఒకేసారి గంటలు కొడితే నాకు కాస్త వినపడేది. ఇప్పుడు అదీ లేదు.

నీ పని గురించి ఇంకా రాయి. పెద్ద ఉత్తరం రాయి.

మీ బావ


ఫార్మసీ కళాశాల, రెండో అంతస్తు,
మే 9

బావా,

ఎలుకలాయన బాగానే ఉన్నాడు. కొత్త ఎలుకలొచ్చాయి, పేర్లు వెతుక్కుంటున్నాడు. టైపు ఆవిడను ఒకటి సూచించమను.

పని గురించి రాయమన్నావు. మా గదిలో ఆరు గాజు పొట్టలున్నాయి. అంటే గాజు పాత్రలే. లోపల మనిషి పొట్టలో ఉండేంత వెచ్చదనం, అంతే పులుపు ఉంచుతాం. మాత్ర వేసి ఎంతసేపట్లో కరుగుతుందో చూస్తాం. ఐదు నిమిషాలకోసారి కొంచెం తీసి కొలవాలి, కుర్చీలోంచి లేవడానికుండదు. ఆరు పొట్టలకు వడ్డిస్తూ నా పొట్ట సంగతి మర్చిపోయిన రోజులు చాలా ఉన్నాయి.

పక్క గదిలో ఒకావిడ పిల్లల సిరప్పుల్లో చేదు దాచే పని చేస్తుంది. రోజూ సాయంత్రం చెంచాతో తెచ్చి “ఇవాళ ఎలా ఉందో చెప్పండి” అంటుంది. నేను చేదుగానే ఉందంటాను. ఆవిడ ముఖం మాడిపోతుంది. ఒక్కసారైనా బాగుందని అనొచ్చు కదా అనిపిస్తుంది బావా, కానీ అననుగాక అనను. నేను మొహమాటపడితే రేపు జ్వరంతో ఉన్న పసివాడు మందు ఉమ్మేస్తాడు. మా పనిలో మొహమాటానికి చోటు లేదు.

ఆదివారాలు కాలేజీ ఉండదు. వాచ్‌మన్‌ని బతిమాలుకుని లోపలికి వెళతాను. పని ఉందని చెబుతాను. లేదని అతనికీ తెలుసు. ఏం చేస్తాను, అద్దె గదిలో మంచం అంచున కూర్చుని ఎంతసేపని కిటికీలోంచి చూస్తాను? ఈ మధ్య అక్కడ కూర్చున్నప్పుడు నీకేం రాయాలా అని ఆలోచిస్తున్నాను. అదొక కాలక్షేపం అయింది.

నీ బావమరిది


గడియారాల కొట్టు,
జూన్ 14

ఏమోయ్!

చెయ్యి కుదుటపడింది! వారం పది రోజులుగా చూస్తున్నాను, తొందరపడి రాయడమెందుకని ఆగాను. నిన్న ఒకావిడ చేతి గడియారం విప్పి, తుడిచి, నూనె వేసి, తిరిగి బిగించాను. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని విని మురిసిపోయింది. నీ చెయ్యి చల్లనిదోయ్ మేస్త్రీ.

రంగూ రుచీ చెప్పొద్దన్నావు, చెప్పడం లేదు. ఇది పనితనానికి సంబంధించిన మాట. పనివాడు పనివాడికి చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను. ఊరికే ఉండలేక ఒకరోజు నీ మాత్రను బల్ల మీద పెట్టి కంటి భూతద్దంలోంచి చూశాను. అంచు మీద, పూత కింద, వెంట్రుక కన్నా సన్నంగా ఒక గీత ఉంది. ఇంకో పది తీసి చూశాను. అన్నింటికీ అక్కడే, అంతే గీత. మాత్రలు కొట్టే నీ అచ్చుకు ఎక్కడో దెబ్బ తగిలిందోయ్! మామూలు కంటికి చచ్చినా కనపడదనుకో. నేను కాబట్టి పట్టుకున్నాను. సాన పట్టించు.

పెద్ద ఉత్తరం రాయి. టైపు ఆవిడ ఎలుకకు పేరు ఆలోచించింది, చెప్పడానికి సిగ్గుపడుతోంది.

మీ బావ


(పోస్టు చెయ్యనిది)

అద్దె గది,
జూన్ 19

బావా,

నీకు వస్తున్నవి ఉత్త మాత్రలు.

మందున్నవి ముందు కొట్టాం, అవి అయ్యాక కడిగినప్పుడు అచ్చు నున్నగానే ఉంది. ఉత్తవి తర్వాత. మాది ఒకటే అచ్చున్న చిన్న యంత్రం. ఉత్తవన్నీ అయ్యాక శుభ్రం చేస్తుంటే అచ్చు అంచున సన్నటి దెబ్బ కనిపించింది. మాత్రలు చేతిలోకి తీసుకుని దీపం కింద తిప్పి తిప్పి చూశాను. ఏమీ కనపడలేదు. పైన పూత వస్తుంది కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. రికార్డు పుస్తకంలో రాయలేదు. మేడంకి చెప్పలేదు. అచ్చు మాత్రం మార్పించాను. గడియారాలు బాగుచేసేవాడు ఒకడు దాన్ని భూతద్దంలో చూస్తాడని నేను కల గన్నానా?

నీ సీసాలో ఉన్నది పిండీ పంచదారా. దానితో నీ చెయ్యి కుదుటపడింది. అలా జరుగుతుందని పుస్తకాల్లో వంద చోట్ల చదివాను, కానీ చదివినప్పుడు ఆ మనిషి నువ్వు కాదు. ఇప్పుడు నిజం చెబితే నీ నమ్మకం పోతుంది. నమ్మకంతో పాటు చెయ్యి కూడా పోతే? చెప్పకపోతే నువ్వు పాత మందు లేకుండా పిండి మింగుతూ కూర్చుంటావు. మేడంకి చెబితే రెండేళ్ళ పరిశోధన నడివీధిలో నిలబడుతుంది, నన్ను మళ్ళీ సీసాలు కడగమంటారు.

ఏం చెయ్యను బావా? ఇలాంటివి అడగడానికి నాకు ఉన్నది నువ్వొక్కడివే. నిన్నే అడగకూడదు.


ఫార్మసీ కళాశాల, రెండో అంతస్తు,
జూన్ 24

బావా,

ఉత్తరం అందింది. చెయ్యి బాగున్నందుకు సంతోషం. ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

చెయ్యి అంత బాగుంటే ఈసారి నీ చేత్తో నాలుగు ముక్కలు రాయి. చూడాలనుంది.

నీ బావమరిది


గడియారాల కొట్టు,
జూలై 15

బావమరిదికి,

నాలుగు లైన్ల ఉత్తరం చూసి కవరులో ఇంకో కాగితం ఇరుక్కుందేమోనని చింపి మరీ చూశాను. నేనేమైనా తప్పుగా రాశానా? అచ్చుకు దెబ్బ తగిలిందన్నందుకు నొచ్చుకున్నావా? నీ పనికి వంక పెట్టాలని కాదోయ్. తెలిసీ తెలియక అన్నాను, మర్చిపో.

చెయ్యి భేషుగ్గా ఉంది. నా చేత్తో రాయమన్నావు. రాద్దును, కానీ టైపు ఆవిడకు అలవాటైపోయింది, వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. పైగా చేతిని పనికోసం దాచుకోవాలి కదా. డైరీలో రోజూ “తక్కువ” గడిలోనే టిక్కు పెడుతున్నాను. డాక్టరమ్మ చూసి ఆశ్చర్యపోతోంది.

పని ఎక్కువైతే చిన్న ఉత్తరమే రాయి, ఫర్వాలేదు. కానీ రాయి.

మీ బావ


అద్దె గది,
ఆగస్టు 12

బావా,

ముందు ఈ పని చెయ్యి. ఉత్తరం అందగానే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి పాత మాత్ర మళ్ళీ మొదలుపెట్టు. ఆవిడకు ఇక్కడి నుంచి కబురు వెళ్ళింది. మిగతాది తర్వాత చదువు.

నువ్వు భూతద్దంలో చూసిన గీత ఉత్త మాత్రల మీద మాత్రమే ఉంటుంది. నీ చేతికి పట్టింది నా మందు కాదు. అచ్చుకు దెబ్బ తగిలిందని నాకు మాత్రలు చేసినరోజే తెలుసు, దాచాను. నీ సీసాలో ఏముందో జూన్ పందొమ్మిదిన తెలిసింది, అదీ దాచాను. యాభై మూడు రోజులు. నిన్న మేడంకి చెప్పాను.

ఎందుకు దాచావని మేడం అడిగారు. మా బావ చెయ్యి బాగుపడింది, చెబితే మళ్ళీ వణుకుతుందేమోనని భయపడ్డాను అన్నాను. ఆవిడ వెంటనే మీ డాక్టరమ్మకు ఫోను కలిపి, నీకు పాత మాత్ర మొదలుపెట్టించమన్నారు. అప్పుడు నాకే సిగ్గేసింది. సగం నీ కోసం, సగం నా కోసం దాచానని నన్ను నేను సముదాయించుకుంటూ వచ్చాను. ఆ సగం అనడం కూడా అబద్ధమే. నా పరువు పోతుందని భయం. మొహమాటానికి చోటు లేదని నీకు పెద్ద కబుర్లు రాసినవాణ్ణి నేనే.

పరిశోధన ఆపేశారు. ఎంతవరకు పాడైందో, నన్నేం చెయ్యాలో ఒక కమిటీ తేలుస్తుంది. దాని గురించి నువ్వు దిగులు పడకు. నీ చెయ్యి మళ్ళీ వణకడం మొదలుపెడితే దానికి కారణం నేను. నన్ను తిట్టాలనిపిస్తే టైపు ఆవిడ ముందు మొహమాటపడకు, అన్నీ కొట్టించు.

నీ బావమరిది


గడియారాల కొట్టు,
ఆగస్టు 21

బావమరిదీ,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. నాలుగు రోజులు పట్టింది. అక్షరాలు కొక్కిరాయిల్లా ఉన్నాయి, కూడబలుక్కుని చదువుకో.

నా చెయ్యి ఒక్కరోజు కూడా బాగుపడలేదు.

ఆ ఆడమనిషి గడియారం నేను చెయ్యలేదు. మూత తీసేసరికి స్ప్రింగు ఎగిరిపోయింది. బస్టాండు దగ్గరి మెకానిక్కుకు ఇచ్చి చేయించి, నేనే చేశానని చెప్పాను. డైరీలో టిక్కులన్నీ అబద్ధాలే. డాక్టరమ్మ గీయించిన చుట్టలు మాత్రం అబద్ధం చెప్పలేదు. ఆవిడ డైరీ చూసి, చుట్ట చూసి, “ఇంటి దగ్గర బాగుంటోందన్నమాట” అనేది. అవునండీ అనేవాణ్ణి. టైపు ఆవిడ ఎక్కడ కనిపెట్టి నీకు రాస్తుందోనని చెయ్యి జేబులో పెట్టుకుని ఉత్తరం చెప్పేవాణ్ణి. ఆవిడకు మొదట్నుంచీ తెలుసట. మొన్న చెప్పింది.

ఈ చేతులతో చేశానని నువ్వు రాశాక, పని చెయ్యలేదని ఎలా రాస్తానోయ్? పోనీ అదొక్కటే అయితే నీ మీద ప్రేమ అని చెప్పుకుందును. పదకొండేళ్ళలో నువ్వు మూడు ఉత్తరాలు రాశావు. ఈ మాత్రల మాట మొదలయ్యాక ఐదు నెలల్లో నాలుగు. మాత్ర పని చెయ్యడం లేదంటే నువ్వు చిన్నబుచ్చుకుని మానేస్తావని భయపడ్డాను. ఆదివారాలు నాకేం రాయాలా అని కూర్చుంటున్నానన్నావు చూడు, ఆ మాట కోసం ఇంకో ఏడాదైనా టిక్కులు పెట్టేవాణ్ణి.

డాక్టరమ్మకు మొత్తం చెప్పాను. కోప్పడింది. కోప్పడాలి కూడా. నా డైరీ తీసెయ్యమని మీ మేడంకి రాస్తానంది. నీ చదువు పాడవడానికి నా చెయ్యి కూడా పడింది. పాత మాత్ర మొదలుపెట్టాను.

నువ్వు నన్ను మోసం చెయ్యలేదు. పోవడానికి నా దగ్గర బాగుపడిన చెయ్యి ఉంటే కదా.

ఇక మాత్రలు లేవు, పరిశోధన లేదు. ఇద్దరం ఒకరికొకరం రాసుకోవడానికి ఏముంది చెప్పు?

మీ బావ


అద్దె గది,
ఆగస్టు 27

బావా,

కొక్కిరాయి అక్షరాలే. చదవడానికి నాకూ ఒక పూట పట్టింది. మధ్యలో రెండుసార్లు లేచి బయట తిరిగొచ్చాను.

మేడం నన్ను తీసెయ్యలేదు. ఆ మాత్రలు మళ్ళీ మొదట్నుంచి కొట్టాలి, ఈసారి పక్కన ఇంకొకరు నిలబడి చూస్తారు. ఏడాది వెనక్కి పోయాను. మందుల మాట ఇంతటితో సరి, ఈ ఉత్తరంలో ఇక రాయను.

అంతవరకు రాసి మూడు రోజులుగా కూర్చున్నాను బావా. ఇంకో ముక్క దొరకడం లేదు. నలభై రెండేళ్ళొచ్చాయి, కాలేజీ తీసేస్తే చెప్పుకోవడానికి నాకేమీ లేదని నువ్వు అడిగాక తెలిసింది. భోజనం నిలబడే చేస్తాను, ఒక్కడికి కంచం ముందేసుకుని కూర్చోవడం చేతకాక. గదిలో రెండో కుర్చీ మీద బట్టలుంటాయి. ఇద్దరు మనుషులు ఎదురుబొదురు కూర్చుని ఏం మాట్లాడుకుంటారో మర్చిపోయాను. మీ ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో వాగుడుకాయనని అక్క నన్ను తిట్టేది. ఆ వాగుడంతా ఎటు పోయిందో తెలియదు.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. పది రోజులు ఉంటాను. నాకు మాటలు తోచకపోతే ఏమీ అనుకోకు, తోచినా నీకు ఎలాగూ వినపడవు. నీ బల్ల దగ్గర ఇంకో స్టూలు వేసి ఉంచు, చాలు.

నేను వచ్చేసరికి ఆ చెయ్యి మాత్రం జేబులో పెట్టుకోకు.

నీ బావమరిది